పాత కోడ్‌బేస్‌లోకి స్టాటిక్ ఎనాలిసిస్‌ను తీసుకురావడం ఎలా

2014 ఫిబ్రవరి 21న యాపిల్ ఐఓఎస్ 7.0.6ను విడుదల చేసింది. అందులో సరిదిద్దిన లోపం ఒక అదనపు లైను. సురక్షిత కనెక్షన్ ఏర్పడేటప్పుడు సర్వరు పంపిన సంతకాన్ని సరిచూసే సీ ఫంక్షన్‌లో ‘గోటూ ఫెయిల్’ అనే లైను వెంటవెంటనే రెండుసార్లు పడింది. మొదటిది దాని పైనున్న ఇఫ్‌కు చెందినది. రెండోది కూడా అదే ఇండెంటేషన్‌లో ఉండడం వల్ల చదివేవారికి అదీ ఇఫ్ కిందిదే అనిపిస్తుంది గానీ, బ్రేసులు లేనందువల్ల కంపైలర్ దాన్ని ఏ షరతూ లేని స్టేట్‌మెంట్‌గానే తీసుకుంటుంది. దాంతో ఫంక్షన్ ప్రతిసారీ అక్కడి నుంచి నేరుగా చివరికి దూకేది, సంతకాన్ని పరిశీలించే కోడ్ అమలయ్యేదే కాదు, పైగా అప్పటికి ఎర్రర్ వేరియబుల్‌లో సున్నా ఉండేది కాబట్టి పరిశీలన సక్రమంగా ముగిసిందన్న జవాబు తిరిగి వచ్చేది.

ఈ లోపాన్ని ప్రోగ్రామును నడపకుండానే పట్టుకునే మార్గాలు కనీసం మూడున్నాయి. రెండో గోటూ తర్వాతి కోడ్ ఎన్నటికీ అమలు కాదని చెప్పగల హెచ్చరిక క్లాంగ్ కంపైలర్‌లో అప్పటికే ఉంది. ఇఫ్ తర్వాత బ్రేసులు తప్పనిసరి చేసే రూల్ చాలా లింటర్లలో, అంటే అనుమానించదగిన కోడ్‌ను వెతికే టూల్స్‌లో, దొరుకుతుంది. ఆటోమేటిక్ ఫార్మాటర్ నడిపి ఉంటే రెండో లైను ఎడమకు జరిగి తన అసలు స్వరూపాన్ని బయటపెట్టేది. మరో సీ కంపైలర్ జీసీసీ 2016లో తన 6వ వెర్షన్‌లో తప్పుదారి పట్టించే ఇండెంటేషన్‌కు ప్రత్యేకంగా ఒక హెచ్చరికను చేర్చి, అందరూ వాడే ‘వాల్’ (-Wall) ఆప్షన్‌లోనే దాన్ని కలిపింది. క్లాంగ్ హెచ్చరిక మాత్రం ఆ ‘వాల్’ పరిధిలో లేదు, విడిగా ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది.

కాబట్టి స్టాటిక్ ఎనాలిసిస్ (ప్రోగ్రామును నడపకుండానే కోడ్‌ను పరిశీలించడం) విషయంలో అసలు ప్రశ్న టూల్ ఉందా లేదా అన్నది కాదు. ఏ రూల్ ఆన్‌లో ఉంది, దాని హెచ్చరిక ఎవరికి, ఏ సమయంలో కనిపిస్తుంది, కనిపించినప్పుడు వారు దాన్ని పట్టించుకుంటారా అన్నవే ప్రశ్నలు. కొన్నేళ్లుగా నడుస్తున్న, ఇప్పటివరకూ ఏ టూలూ తాకని కోడ్‌బేస్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. కొత్త ప్రాజెక్టుకైతే ఇందులో సగం కష్టం ఉండదు.

నాలుగు రకాల టూల్స్, నాలుగు వేర్వేరు పనులు

స్టాటిక్ ఎనాలిసిస్ అనే ఒక్క పేరు కింద చాలా వేర్వేరు టూల్స్ చలామణీ అవుతున్నాయి. ఫార్మాటర్ కోడ్ అర్థం జోలికి పోకుండా ఖాళీలను, లైన్ల విరుపులను, కోట్ గుర్తులను ఒకే తీరుకు తెస్తుంది. పైథాన్‌లో బ్లాక్, జావాస్క్రిప్ట్‌లో ప్రెటియర్, గో భాషలో గోఫంట్, రస్ట్‌లో రస్ట్‌ఫంట్ ఈ కోవలోవి. లింటర్ కోడ్ నిర్మాణాన్ని చెట్టు రూపంలో చదివి, అనుమానించదగిన నమూనాలను వెతుకుతుంది. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో సీ భాష కోసం రాసిన లింట్ ఈ జాతికి మూలపురుషుడు. నేటి ఈఎస్‌లింట్, పైలింట్, రఫ్, రూబోకాప్, క్లిప్పీ అన్నీ ఆ వారసత్వంలోనివే. టైప్ చెకర్ ప్రతి విలువకూ ఏ రకం వర్తిస్తుందో లెక్కగట్టి, పొసగని చోట ఆపుతుంది. మైపై, పైరైట్, టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ అటువంటివి. నాలుగో రకం ఒక ఫంక్షన్ సరిహద్దు దాటి, విలువలు ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరుతున్నాయో ఆనవాలు పట్టుకుంటూ పోయే లోతైన ఎనలైజర్లు: ఇన్‌ఫర్, కోడ్‌క్యూఎల్, కవరిటీ, క్లాంగ్ స్టాటిక్ ఎనలైజర్ మొదలైనవి.

వీటిని ఒకేసారి తెచ్చి పెట్టుకోవడమే చాలా టీముల్లో ఈ ప్రయత్నం మూలపడడానికి కారణం. మొదటి రోజే కొన్ని వేల హెచ్చరికలు తెర మీద పడతాయి, వాటిలో నిజమైన బగ్‌లు ఎన్నో ఎవరూ లెక్క తేల్చలేరు, రెండు వారాలు గడిచేసరికి ఆ రిపోర్టును తెరిచేవారే ఉండరు. పైన చెప్పిన వరుసలోనే, ఒకటి స్థిరపడ్డాక మరొకటి చేర్చడం మేలు.

మొదటి కమిట్ ఫార్మాటర్‌ది

ఫార్మాటర్‌తో మొదలుపెట్టడానికి కారణం అది చర్చను ముగిస్తుంది. లైను పొడవు ఎంత ఉండాలి, కోట్ గుర్తు ఒంటిదా జంటదా అన్న వాదనలు రివ్యూలో సమయాన్ని తినేస్తాయి, చివరికి ఎవరు గెలిచినా కోడ్ పనితీరులో తేడా రాదు. ఫార్మాటర్ డిఫాల్ట్ సెట్టింగులను దాదాపుగా అలాగే ఉంచమని నా సలహా. వాటిని మార్చడానికి కూర్చుంటే, ఏ వాదనను తప్పించుకోవడానికి దాన్ని తెచ్చుకున్నారో ఆ వాదనే మళ్లీ మొదలవుతుంది.

మొత్తం కోడ్‌ను ఒకే కమిట్‌లో ఫార్మాట్ చేయాలి, ఆ కమిట్‌లో మరే మార్పూ ఉండకూడదు. అప్పటికి తెరిచి ఉన్న పెద్ద బ్రాంచులను ముందే మెర్జ్ చేసుకోవడం లేదా ఆ బ్రాంచుల మీదా అదే వెర్షన్ ఫార్మాటర్‌ను నడపడం వల్ల కాన్‌ఫ్లిక్టులు తగ్గుతాయి. అందరూ భయపడే నష్టం ఒకటుంది: గిట్ బ్లేమ్ తీస్తే ప్రతి లైనుకూ ఫార్మాట్ చేసినవారి పేరే కనిపించి, అసలు ఆ లైను ఎందుకు వచ్చిందో తెలియకుండా పోవడం. 2019లో వచ్చిన గిట్ 2.23 దీనికి పరిష్కారం చూపింది. ఆ కమిట్ హ్యాష్‌ను ఒక ఫైలులో రాసి, దాన్ని పట్టించుకోవద్దని గిట్‌కు సెట్టింగు ద్వారా చెబితే బ్లేమ్ దాన్ని దాటి వెనకటి కమిట్‌ను చూపుతుంది. గిట్‌హబ్ కూడా నిర్ణీత పేరుతో ఉన్న ఆ ఫైలును గుర్తిస్తుంది.

ఫార్మాటర్ వచ్చాక లింటర్‌లోని ఖాళీలు, కామాలకు సంబంధించిన రూల్స్‌ను తీసేయాలి. రెండూ ఒకే విషయం మీద వేర్వేరు తీర్పులిస్తే మనిషి మధ్యలో నలుగుతాడు. ఈఎస్‌లింట్ 2023లో తన ఫార్మాటింగ్ రూల్స్‌ను డెప్రికేట్ చేసి (ఇకపై వాడవద్దని ప్రకటించి), ఆ పని ఫార్మాటర్లకు వదిలేయమంది.

తొలి రూల్స్: బగ్‌లను పట్టేవే

లింటర్‌లో వందల కొద్దీ రూల్స్ ఉంటాయి. పైథాన్ లింటర్ రఫ్‌లో అవి ఎనిమిది వందలు దాటాయి. వాటన్నిటినీ ఆన్ చేసి, ఇబ్బంది పెట్టినవాటిని ఒక్కొక్కటిగా తీసేయడం ఒక మార్గం. దాదాపు అన్నీ ఆఫ్‌లో ఉంచి, అవసరమైనవాటిని ఒక్కొక్కటిగా చేర్చడం రెండోది. పాత కోడ్‌కు రెండోదే సరైనది. ఒక రూల్ చేర్చే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఇది హెచ్చరించిన చోట మనం నిజంగానే కోడ్ మారుస్తామా? సందేహంగా అవుననిపిస్తే ఆ రూల్‌ను ఇంకొన్నాళ్లు పక్కన పెట్టవచ్చు.

మొదట చేర్చవలసినవి దాదాపు ఎప్పుడూ తప్పే అయ్యే నమూనాలను పట్టేవి. నిర్వచించని పేరు వాడడం, దిగుమతి చేసుకుని వాడని మాడ్యూల్, ఎన్నటికీ చేరని కోడ్, విలువ వేసి ఎక్కడా చదవని వేరియబుల్ అటువంటివి. చివరిది చూడడానికి శుభ్రతకు సంబంధించిన చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆచరణలో అది అక్షరదోషాలను బయటపెడుతుంది. ‘మొత్తం’ అనే వేరియబుల్‌ను సరిచేయబోయి ‘మొతం’కు విలువ వేస్తే పైథాన్ నోరు మెదపదు, పాత విలువే రిటర్న్ అవుతుంది. ‘మొతం’ను ఎవరూ చదవడం లేదని లింటర్ చెప్పినప్పుడే సంగతి తెలుస్తుంది.

పైథాన్‌లో ఇంకొక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఒక ఫంక్షన్‌కు వస్తువు, జాబితా అని రెండు పారామీటర్లున్నాయి. జాబితాకు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టును ఇచ్చారు. ఫంక్షన్ వస్తువును జాబితాకు చేర్చి తిరిగి ఇస్తుంది. చదివేవారు ప్రతి పిలుపుకూ కొత్త ఖాళీ లిస్టు వస్తుందనుకుంటారు. వాస్తవానికి పైథాన్ డిఫాల్ట్ విలువను ఫంక్షన్ నిర్వచన సమయంలో ఒక్కసారే తయారు చేస్తుంది, తర్వాతి పిలుపులన్నీ అదే లిస్టును పంచుకుంటాయి. మొదటి పిలుపులో చేరిన వస్తువు రెండో పిలుపు ఫలితంలోనూ ఉంటుంది. ఒక్కో టెస్టులో ఆ ఫంక్షన్‌ను ఒక్కసారే పిలిస్తే ఈ దోషం బయటపడదు. సర్వరులో రోజంతా నడిచే ప్రాసెస్‌లో ఒకరి డేటా మరొకరికి కనిపిస్తుంది. ఫ్లేక్8 బగ్‌బేర్ ప్లగిన్‌లోనూ రఫ్‌లోనూ బీ006 అనే రూల్ దీన్ని నేరుగా పట్టుకుంటుంది. ఇటువంటి రూల్‌కు టీములో వ్యతిరేకత రాదు, ఎందుకంటే మొదటి హెచ్చరికే తన విలువను నిరూపించుకుంటుంది.

జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ వాడేవారికి దీనికి సమానమైనది ఫలితం కోసం ఆగకుండా వదిలేసిన ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితానికి ప్రతినిధిగా ఉండే విలువ). అవెయిట్ మరిచిపోతే కోడ్ నడుస్తూనే ఉంటుంది, కానీ లోపల ఎర్రర్ వస్తే చుట్టూ ఉన్న ట్రై, క్యాచ్ దాన్ని అందుకోలేవు. టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లోని ‘నో ఫ్లోటింగ్ ప్రామిసెస్’ రూల్ దీన్ని గుర్తిస్తుంది. అయితే ఆ ఫంక్షన్ ప్రామిస్‌ను ఇస్తుందని తెలియడానికి టైపుల సమాచారం కావాలి కాబట్టి అది మామూలు రూల్స్ కంటే నెమ్మదిగా నడుస్తుంది. ఆ ఆలస్యాన్ని భరించవచ్చు.

ఆటోమేటిక్‌గా సరిచేసే సదుపాయాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రఫ్ తన దిద్దుబాట్లను సురక్షితమైనవి, కానివి అని రెండుగా విభజించి, అడగకపోతే మొదటి రకాన్నే అమలు చేస్తుంది. రెండో రకం కోడ్ ప్రవర్తనను మార్చవచ్చు. వాటిని ఒక్కో రూల్‌కు ఒక్కో కమిట్‌గా విడదీసి, టెస్టులు నడిపి, తేడాను కంటితో చూసి తీసుకోవాలి.

పాత హెచ్చరికలను గడ్డకట్టించి, కొత్తవాటిని ఆపడం

తొలి రూల్స్‌ను పొదుపుగా ఎంచుకున్నా పాత కోడ్‌లో కొన్ని వందల హెచ్చరికలు తప్పవు. అన్నీ సరిచేశాకే తప్పనిసరి చేస్తామని అనుకుంటే ఆ రోజు రాదు, ఎందుకంటే ఒకవైపు సరిచేస్తుండగానే మరోవైపు కొత్తవి పుట్టుకొస్తాయి. దీనికి వాడుకలో ఉన్న ఉపాయం బేస్‌లైన్. ఇప్పుడున్న హెచ్చరికలన్నిటినీ ఒక ఫైలులో నమోదు చేసి, వాటిని మినహాయించి, వాటికి అదనంగా ఒక్కటి వచ్చినా బిల్డ్ ఆగిపోయేలా పెట్టుకోవాలి. పీహెచ్‌పీస్టాన్, డిటెక్ట్, ఆండ్రాయిడ్ లింట్‌లలో ఈ సదుపాయం అదే పేరుతో ఉంది. రూబోకాప్ ‘టుడూ’ ఫైలును తానే తయారు చేస్తుంది. రఫ్ ప్రస్తుతం తప్పుతున్న ప్రతి లైనుకూ మినహాయింపు కామెంట్‌ను తానే చేర్చగలదు.

బేస్‌లైన్ ఫైలు రిపాజిటరీలో ఉండాలి, దాని పరిమాణం తగ్గడమే తప్ప పెరగకూడదు. ఎవరైనా అందులో కొత్త వరుస చేర్చితే రివ్యూలో అది స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి కారణం అడగవచ్చు. ఇక పాత హెచ్చరికల సంగతి: వేరే పని మీద ఒక ఫైలును ముట్టుకున్నవారు అందులోని పాత హెచ్చరికలను కూడా సరిచేయాలనే నియమం పెట్టడం చాలా చోట్ల ఉంది. నాకు అది అంత నచ్చదు. రెండు లైన్ల బగ్ దిద్దుబాటు నలభై లైన్ల మార్పుగా మారి, రివ్యూ చేసేవారికి అసలు దిద్దుబాటు ఎక్కడుందో కనిపించదు. సరిచేయండి గానీ వేరే కమిట్‌లో, వీలైతే వేరే పుల్ రిక్వెస్టులో చేయండి.

టైప్ చెకర్ విషయంలోనూ ఇదే క్రమం వర్తిస్తుంది, కాకపోతే అక్కడొక మోసపూరితమైన నిశ్శబ్దం ఉంది. టైప్ గుర్తులు లేని పైథాన్ ఫంక్షన్ల లోపలి భాగాన్ని మైపై డిఫాల్ట్‌గా పరిశీలించదు. అందువల్ల ఏ గుర్తులూ లేని పాత ప్రాజెక్టు మీద దాన్ని నడిపితే సమస్యలేమీ లేవన్న సందేశం రావచ్చు, దానికి అర్థం అది లోపలికి చూడనే లేదని. గుర్తులు లేని ఫంక్షన్లనూ పరిశీలించే ఆప్షన్‌ను మొదట ఆన్ చేయాలి. తర్వాత ఎక్కువమంది దిగుమతి చేసుకునే మాడ్యూళ్లతో మొదలుపెట్టి, ఒక్కో మాడ్యూల్‌కు గుర్తులు తప్పనిసరి చేస్తూ పోవాలి. డిక్షనరీ నుంచి గెట్ ద్వారా తీసిన విలువ నన్ (ఏమీ లేదని సూచించే None) కావచ్చన్న సంగతిని మరిచి, దాని మీద నేరుగా మెథడ్ పిలిచే చోట్లు ఈ దశలో వరుసగా బయటపడతాయి. చదివేవారికి కూడా మేలే. ఫంక్షన్ ఏమి తీసుకుని ఏమిస్తుందో తెలుసుకోవడానికి దాని లోపలికి వెళ్లనక్కర్లేదు.

హెచ్చరిక ఎక్కడ కనిపించాలి

ఇన్‌ఫర్‌ను ఫేస్‌బుక్‌లో ప్రవేశపెట్టిన ఇంజనీర్లు 2019లో తమ అనుభవాన్ని ప్రచురించారు. రాత్రిపూట మొత్తం కోడ్ మీద ఎనాలిసిస్ నడిపి, దొరికిన సమస్యలను జాబితాగా డెవలపర్లకు కేటాయించినప్పుడు, సరిచేసినవి దాదాపు సున్నా. అదే ఎనాలిసిస్‌ను, దాదాపు అవే సమస్యలను, మార్పు రివ్యూలో ఉన్న సమయంలో ఆ లైను పక్కనే వ్యాఖ్యగా చూపినప్పుడు సరిచేసినవి 70 శాతం దాటాయి. కారణం ఊహించదగినదే: రివ్యూలో ఉన్నప్పుడు ఆ కోడ్ రాసినవారి తలలో ఇంకా ఉంటుంది, మూడు నెలల నాటి కోడ్‌లోకి తిరిగి వెళ్లాలంటే అదంతా మళ్లీ గుర్తు తెచ్చుకోవాలి. ఈ పద్ధతి అంతటిలో నేను ఎక్కువ బరువు పెట్టేది ఈ అంశం మీదే.

ఆచరణలో దీన్ని మూడు చోట్ల అమర్చుకోవచ్చు. మొదటిది ఎడిటర్: ఫైలు సేవ్ చేయగానే ఫార్మాటర్ నడవాలి, లింటర్ గీతలు టైప్ చేస్తుండగానే కనిపించాలి. రెండోది కమిట్ హుక్, అంటే కమిట్ చేసే ముందు దానంతటదే నడిచే స్క్రిప్టు. ఇది మారిన ఫైళ్ల మీదే, కొద్ది సెకన్లలో ముగిసేలా ఉండాలి. నెమ్మదిగా నడిచే హుక్‌ను జనం ‘నో వెరిఫై’ ఆప్షన్‌తో దాటేయడం నేర్చుకుంటారు, ఆ అలవాటు ఒకసారి పడితే పోదు. మూడోది సీఐ, అంటే ప్రతి మార్పు మీదా సర్వరులో పరీక్షలను తానే నడిపే వ్యవస్థ. హుక్‌ను దాటేయడం సాధ్యమే కాబట్టి అవే పరీక్షలు సీఐలో తప్పనిసరిగా మళ్లీ నడవాలి, విఫలమైతే మెర్జ్ ఆగాలి. లోతైన ఎనలైజర్లు నిమిషాలు తీసుకుంటాయి కాబట్టి వాటి స్థానం సీఐలోనే.

మూడు చోట్లా ఒకే కాన్ఫిగరేషన్ ఫైలు, ఒకే వెర్షన్ ఉండాలి. డెవలపర్ మెషీన్‌లో పచ్చగా వచ్చినది సీఐలో ఎర్రగా రావడం కంటే ఈ వ్యవస్థ మీద నమ్మకాన్ని త్వరగా చంపేది మరొకటి లేదు. టూల్ వెర్షన్‌ను ఖచ్చితంగా నిర్దేశించాలి. లేదంటే కొత్త వెర్షన్ విడుదలైన ఉదయం, కొత్త రూల్స్ కారణంగా, సంబంధం లేని పుల్ రిక్వెస్టులన్నీ విఫలమవుతాయి. వెర్షన్ పెంపును విడి మార్పుగా చేసి, దానితో వచ్చే హెచ్చరికలను అక్కడే తేల్చుకోవాలి.

ఎర్రర్, వార్నింగ్ అని రెండు స్థాయులు పెట్టే సదుపాయం చాలా లింటర్లలో ఉంది. బిల్డును ఆపని వార్నింగ్ కొన్నాళ్లకు ఎవరికీ కనిపించని వార్నింగ్ అవుతుంది. ముఖ్యమైనదైతే ఎర్రర్ చేయండి, కాకపోతే తీసేయండి.

చదవడానికి సులువుగా ఉందా: సంఖ్యలు చెప్పగలిగినంత మేరకు

థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించిన సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ ఇప్పటికీ ఎక్కువ టూల్స్‌లో ఉంది. ఫంక్షన్‌లోని నిర్ణయ బిందువుల సంఖ్యకు ఒకటి కలిపితే స్థూలంగా ఆ విలువ వస్తుంది. మెకేబ్ సూచించిన పరిమితి 10, రఫ్ డిఫాల్ట్ కూడా అదే. ఈ కొలత ఒక ఫంక్షన్‌ను పరీక్షించడానికి ఎన్ని దారులు చూడాలో చెప్పడానికి బాగా పనికొస్తుంది. చదవడం ఎంత కష్టమో చెప్పడానికి అంతగా పనికిరాదు. సూడోకోడ్‌లో ఒక ఉదాహరణ:

రీఫండ్ లెక్కించు (ఆర్డరు, యూజరు):
    ఆర్డరు ఉంటే:
        ఆర్డరు రద్దయి ఉంటే:
            చెల్లింపు జరిగి ఉంటే:
                యూజరు ప్రీమియం అయితే:
                    పూర్తి మొత్తం ఇవ్వు
                లేకపోతే:
                    రుసుము తీసి మిగతాది ఇవ్వు
            లేకపోతే:
                సున్నా ఇవ్వు
        లేకపోతే:
            సున్నా ఇవ్వు
    లేకపోతే:
        సున్నా ఇవ్వు

ఇదే పనిని మినహాయింపులను ముందే తేల్చేసే పద్ధతిలో రాస్తే:

రీఫండ్ లెక్కించు (ఆర్డరు, యూజరు):
    ఆర్డరు లేకపోతే: సున్నా ఇవ్వు
    ఆర్డరు రద్దు కాకపోతే: సున్నా ఇవ్వు
    చెల్లింపు జరగకపోతే: సున్నా ఇవ్వు
    యూజరు ప్రీమియం అయితే: పూర్తి మొత్తం ఇవ్వు
    రుసుము తీసి మిగతాది ఇవ్వు

మెకేబ్ లెక్కలో ఈ రెండూ సమానమే. రెండింటిలోనూ నాలుగు నిర్ణయాలున్నాయి, కాబట్టి రెండింటి విలువా 5. చదివేవారికి మాత్రం మొదటిది నాలుగు షరతులను ఒకేసారి తలలో మోయమంటుంది, చివరి మూడు ‘లేకపోతే’లు ఏ షరతుకు చెందినవో తెలియాలంటే ఇండెంటేషన్‌ను వేలితో కొలవాలి. ఈ తేడాను పట్టుకోవడానికి సోనార్‌సోర్స్ సంస్థ కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే కొలతను రూపొందించింది. అందులో ఒక షరతు ఎంత లోతులో ఉంటే అంత ఎక్కువ బరువు పడుతుంది. మొదటి రూపంలోని నాలుగు షరతులకు వరుసగా 1, 2, 3, 4, నాలుగు ‘లేకపోతే’లకు ఒక్కొక్కటి చొప్పున 4, మొత్తం 14. రెండో రూపానికి 4.

సోనార్ డిఫాల్ట్ పరిమితి 15. అంటే పైనున్న మొదటి రూపం, చదవడానికి అంత ఇబ్బందికరమైనది, గేటు కిందుగా దూరి పోతుంది. అందుకని పరిమితిని 10కి దించమని కాదు. పరిమితి మరీ ఘోరమైనవాటిని ఆపడానికే తప్ప మంచి కోడ్‌కు ధ్రువపత్రం కాదు. దాన్ని మరీ బిగిస్తే జనం సంఖ్యను తగ్గించడానికి కోడ్‌ను ముక్కలు చేయడం మొదలుపెడతారు. ఒకే ఆలోచనగా సాగే నలభై లైన్ల ఫంక్షన్ ‘మొదటి భాగం’, ‘రెండో భాగం’ అనే రెండు సహాయక ఫంక్షన్లుగా విడిపోయి, వాటి మధ్య ఏడు పారామీటర్లు అటూ ఇటూ ప్రయాణిస్తాయి. టూల్ తృప్తి పడుతుంది, చదివేవారు రెండు చోట్ల వెతుక్కుంటారు. విడదీసిన భాగానికి అది చేసే పనిని చెప్పే పేరు దొరికితే విడదీయండి. పేరు దొరకకపోతే అది విడి పని కాదని అర్థం.

పేర్ల విషయంలో టూల్స్ చేయగలిగింది చాలా తక్కువ. పేరు నిర్ణీత శైలిలో ఉందా, మరీ పొట్టిగా ఉందా అని చూడగలవు. ‘డేటా2’ అనే పేరు అన్ని రూల్స్‌నూ పాటిస్తుంది. ప్రతి ఫంక్షన్‌కూ డాక్యుమెంటేషన్ వ్యాఖ్య ఉండాలనే రూల్ కూడా ఇటువంటిదే. దాన్ని ఆన్ చేసిన మరుసటి రోజు నుంచి ‘రీఫండ్ లెక్కించు’ అనే ఫంక్షన్ మీద ‘రీఫండ్‌ను లెక్కిస్తుంది’ అన్న వాక్యం వెలుస్తుంది. బయటివారు వాడే లైబ్రరీ అయితే తప్ప నేను ఈ రూల్‌ను ఆన్ చేయను. పేర్లు, వ్యాఖ్యలు, ఏ బాధ్యత ఏ మాడ్యూల్‌కు చెందాలి అన్నవి రివ్యూ చేసే మనిషికే వదలాలి. ఖాళీలు, కామాల గొడవ ఫార్మాటర్ తీసుకున్నందువల్ల ఆ మనిషికి వీటి మీద దృష్టి పెట్టే తీరిక ఇప్పుడు దొరికింది.

మినహాయింపు కామెంట్లను ఎలా రాయాలి

ఏ రూల్‌కైనా న్యాయమైన మినహాయింపు ఉంటుంది. పైథాన్‌లో ‘నోక్యూఏ’, జావాస్క్రిప్ట్‌లో ‘ఈఎస్‌లింట్ డిజేబుల్ నెక్స్ట్ లైన్’ వంటి కామెంట్లు అందుకే ఉన్నాయి. వాటికి మూడు షరతులు పెట్టుకుంటే చాలు. రూల్ పేరు లేకుండా ఉత్తి ‘నోక్యూఏ’ రాయకూడదు, ఎందుకంటే అది ఆ లైనులో రేపు పుట్టబోయే తప్పులను కూడా దాచేస్తుంది. కారణం పక్కనే ఉండాలి. ‘ఇక్కడ అవసరం లేదు’ అన్నది కారణం కాదు. ‘ప్లగిన్ లోడ్ కావడానికి ఈ దిగుమతి చాలు, పేరును వాడనక్కర్లేదు’ అన్నది కారణం. ఇక మూడోది, కాలం చెల్లిన మినహాయింపులను టూల్ చేతనే పట్టించాలి. రఫ్‌లో ఆర్‌యూఎఫ్100 అనే రూల్, ఈఎస్‌లింట్‌లో వాడకంలో లేని డిజేబుల్ కామెంట్లను చూపే ఆప్షన్ ఈ పని చేస్తాయి.

ఒకే రూల్‌కు మినహాయింపులు పేరుకుపోతుంటే తప్పు డెవలపర్లది కాకపోవచ్చు, ఆ రూల్‌దే కావచ్చు. గూగుల్‌లోని ట్రైకార్డర్ వేదికలో ఎనలైజర్లకు ఇటువంటి కొలబద్దే ఉంది. హెచ్చరిక సాంకేతికంగా నిజమా అబద్ధమా అన్నది కాక, దాన్ని చూసి డెవలపర్ ఏదైనా చేశారా లేదా అన్నది లెక్కిస్తారు. చేయకపోతే అది ఆచరణలో తప్పుడు హెచ్చరికే. అటువంటివి 10 శాతం దాటకూడదన్నది వారు పెట్టుకున్న హద్దు. చిన్న టీముకు అంత యంత్రాంగం అక్కర్లేదు. రిపాజిటరీలో ఒక్కో రూల్‌కు ఎన్ని మినహాయింపు కామెంట్లున్నాయో అప్పుడప్పుడు వెతికి చూస్తే, ఏది తీసేయాలో తెలిసిపోతుంది.

పట్టుకోలేనివి, సొంత రూల్స్

ఏ ప్రోగ్రామైనా ఆగుతుందో లేదో నిర్ణయించే సాధారణ పద్ధతి ఉండదని ఎలన్ ట్యూరింగ్ 1936లో నిరూపించాడు. ప్రోగ్రాముల ప్రవర్తనకు సంబంధించిన ఆసక్తికరమైన ప్రశ్నలన్నిటికీ అదే గతి అని 1953లో హెన్రీ రైస్ చూపాడు. అందువల్ల ప్రతి ఎనలైజరూ కొన్ని నిజాలను వదిలేయడమో, కొన్ని అబద్ధాలను చెప్పడమో, రెండూనో చేయక తప్పదు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ దీనికి తగిన ఉదాహరణ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో నెట్‌వర్క్ నుంచి వచ్చిన పొడవు విలువను సరిచూడకుండానే అంత మెమరీని కాపీ చేసే ఆ లోపాన్ని అప్పటికి కవరిటీ పట్టుకోలేదు. ఆ విలువ బయటినుంచి వచ్చిందన్న సంగతిని అన్ని పొరల గుండా ఆనవాలు పట్టడం దానికి సాధ్యం కాలేదు. తర్వాత కవరిటీ రూపకర్తలు ఒక తెలివైన ఊహను జోడించారు: నెట్‌వర్క్ బైట్ల క్రమం నుంచి మెషీన్ క్రమంలోకి మారుస్తున్న విలువ ఏదైనా బయటినుంచే వచ్చి ఉంటుందని భావించడం. దాంతో లోపం దొరికింది.

మీ ప్రాజెక్టులో జరిగిన బగ్‌ల నుంచి కూడా ఇలాగే రూల్స్ పుట్టించవచ్చు. ఒక బగ్ సరిచేశాక, ఇదే నమూనా మరెక్కడైనా ఉందా అని వెతకడం సహజం. ఆ వెతుకులాటనే రూల్‌గా రాసి ఉంచితే అది మళ్లీ రాదు. సెమ్‌గ్రెప్ వంటి టూల్‌లో కోడ్ ముక్కలాగే కనిపించే నమూనాను యామల్ ఫైలులో రాస్తే చాలు. ఈఎస్‌లింట్‌లో ‘నో రిస్ట్రిక్టెడ్ సింటాక్స్’ అనే రూల్‌కు సెలెక్టర్ ఇచ్చి సొంత సందేశాన్ని జోడించవచ్చు. ఉదాహరణకు, సమయాన్ని నేరుగా సిస్టం గడియారం నుంచి తీసుకోవడం వల్ల టైమ్‌జోన్ బగ్ వచ్చిందనుకుంటే, ఆ పిలుపును నిషేధించి, దాని బదులు ప్రాజెక్టులోని గడియారం మాడ్యూల్‌ను వాడమని సందేశంలోనే చెప్పాలి. ‘ఇది నిషిద్ధం’ అని మాత్రమే చెప్పే సందేశం మినహాయింపు కామెంట్‌కు దారితీస్తుంది. ఏమి వాడాలో, ఎందుకో చెప్పే సందేశం దిద్దుబాటుకు దారితీస్తుంది.

ఇటువంటి సొంత రూల్‌కు కూడా టెస్టులు ఉండాలి: అది పట్టుకోవలసిన ముక్క ఒకటి, వదిలేయవలసిన ముక్క ఒకటి. ఈఎస్‌లింట్‌లో రూల్ టెస్టర్, సెమ్‌గ్రెప్‌లో టెస్ట్ కమాండ్ ఇందుకోసమే ఉన్నాయి. కొత్త రూల్‌ను మొదట బిల్డును ఆపని స్థితిలో మొత్తం కోడ్ మీద ఒకసారి నడిపి, వచ్చిన ప్రతి ఫలితాన్నీ చదివి, అందులో మార్చవలసినవి ఎన్నో తేల్చుకున్నాకే ఎర్రర్‌గా మార్చాలి.